ఈగకి రెండే రెక్కలెందుకు?

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ రూమ్‌లో అరటిపండు రెండ్రోజులు మర్చిపోతే చాలు, ఎర్రకళ్ల బుల్లి ఈగలు ఎక్కడినుంచో దిగిపోతాయి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయినా ఇవి మాత్రం మనల్ని వదల్లేదు. కొట్టేముందు ఒకసారి రెక్కలు లెక్కపెట్టండి. రెండే! సీతాకోకచిలుకకి నాలుగు, తేనెటీగకి నాలుగు. మరి ఈగకి మిగతా రెండూ ఏమైనట్టు?

ఎక్కడికీ పోలేదు. రెక్కల వెనకాల గుండుసూది తలంత కూడా లేని రెండు బొడిపెలుంటాయి. పేరు హాల్టియర్లు. ఎగిరేటప్పుడు ఒళ్లు ఎటు తిరుగుతోందో ఈగకి చెప్పేవి అవే. మీ ఫోన్‌లో గైరోస్కోప్ చేసే పనే అనుకోండి.

గుడ్డు నుంచి ఈగ కావడానికి దాదాపు 10 రోజులు. ఈలోపు ఏ భాగం ఎక్కడ రావాలో చెప్పేవి హాక్స్ జన్యువులు. వాటిలో ఒకటి అల్ట్రాబైథొరాక్స్. రెండో జత రెక్కలు రావాల్సిన చోట హాల్టియర్లు వచ్చేలా చేసేది ఇదే. ఆ చోట ఇది పనిచేయకపోతే నిజంగానే రెక్కలొచ్చేస్తాయి. అమెరికాలో ఎడ్వర్డ్ లూయిస్ అలా నాలుగు రెక్కల ఈగని చూపించారు. 1995లో నోబెల్ పంచుకున్నారు. ఆ ఈగ మాత్రం ఎగరలేదు, పాపం.

అయితే ఈ జన్యువు కొత్తగా వచ్చి రెక్కలు మాయం చేసిందన్నమాట, అంటారా? అక్కడే తిరకాసు. ఇదే జన్యువు సీతాకోకచిలుకలోనూ, తేనెటీగలోనూ ఉంది. వెనక రెక్కల దగ్గరే పనిచేస్తుంది కూడా.

ఈ ముడి విప్పినవాళ్లలో ఒకరు మనకి దగ్గర్లోనే పనిచేశారు. ఎల్‌బీ నగర్ నుంచి నాగోల్, ఉప్పల్ మీదుగా వెళ్తే హబ్సిగూడలో సీసీఎంబీ వస్తుంది కదా, ఎల్.ఎస్. శశిధర చాలా ఏళ్లు అక్కడ ఈగ హాల్టియర్ మీదే పరిశోధన చేశారు. తర్వాత పుణె ఐసర్‌కి వెళ్లాక ఆయన బృందం ఈగ, తేనెటీగ, పట్టుపురుగుల్ని పక్కపక్కన పెట్టి చూసి, 2016లో ఫలితాలు ప్రచురించింది. అల్ట్రాబైథొరాక్స్ వెళ్లి అతుక్కునే జన్యువుల్లో ఎక్కువ భాగం దేనికవే వేరు, అయినా రెక్కకి రూపమిచ్చేవి మాత్రం చాలానే మూడింట్లోనూ అవే. కానీ రెక్కకి రూపమిచ్చే కొన్ని కీలక జన్యువులు ఒక్క ఈగలోనే దాని మాట విని ముందు రెక్కలో ఒకలా, వెనక ఇంకోలా పనిచేస్తున్నాయి.

చౌరస్తాలో ఎర్రలైటు పాతదే. ఇన్నాళ్లూ పట్టించుకోకుండా దూసుకెళ్లిన బళ్లు కొన్ని ఇప్పుడు ఆగుతున్నాయి, అంతే తేడా. పరిణామం అనగానే కొత్త జన్యువు పుట్టాలనుకుంటాం గానీ, శరీరం తయారయ్యేటప్పుడు ఎవరు ఎవరి మాట వింటారన్నది మారినా రూపం మారిపోతుంది. (ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి 2023లో పరిణామం భాగం తీసేశారు. నాకైతే అది అన్యాయమే.)

మన ఒంట్లోనూ హాక్స్ జన్యువులున్నాయి, 39. ఛాతీ దగ్గర పక్కటెముకలు రావాలి, మెడ దగ్గర వద్దు అని చెప్పేవి అవే. కొద్దిమందికి మెడలోనూ ఓ చిన్న పక్కటెముక ఉంటుంది. చాలామందికి వేరే దేనికో ఎక్స్‌రే తీయించుకునేదాకా ఆ సంగతే తెలియదు.