జంట పూరీలు

ప్రయాణం చేసి వచ్చిన వారిని మన ఇళ్ళలో మొదట "ఏం చూశారు?" అని అడుగుతారు. "ఏం తిన్నారు?" అన్నది తర్వాతి మాట. మా అత్తయ్యగారిది ఎప్పుడూ తిరుగు వరస. ఆమెకు తిండి సంగతి తెలిశాకే తక్కినవి. మారిషస్ దీవిలో మేము గడిపిన ఒక బుధవారమంతా ఆమె ప్రశ్న వెంటే నడిచింది గనుక ఈ నెల ఈ పుటను దానికే కేటాయిస్తున్నాను.

మా మరిది ఆ దేశ రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఒక కార్యాలయంలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తున్నాడు. వెళ్ళి మూడేళ్ళయింది, ఇంకా వివాహం కాలేదు. మేము సముద్రతీరాన ఒక విడిదిలో దిగాము. అతనికి దొరికిన సెలవు ఒక్క రోజే. మావారు ఆ ఒక్క రోజుకు పదకొండు చోట్ల జాబితా తయారు చేశారు. దక్షిణాన షామరెల్‌లోని ఏడు రంగుల మట్టి మొదలు ఉత్తరపు కొసన ఉన్న తీరాల వరకు ఏదీ వదలలేదు. అత్తయ్యగారి మోకాళ్ళ సంగతి మాత్రం అందులో ఎవరూ లెక్కవేయలేదు.

ఉదయమే పాంప్లెమూస్ ఉద్యానవనానికి వెళ్ళాము. అక్కడి కొలనులో అమెజాన్ కలువ ఆకులు, అంచులు పైకి మడిచిన పెద్ద పళ్ళేల వలె నీటిపై పరచుకొని ఉంటాయి. మా అమ్మాయి వాటిపై కూర్చోవచ్చునా అని అడిగి, వద్దంటే అలిగింది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది మాత్రం శ్రీతాళ వృక్షం. దశాబ్దాల పాటు పెరిగి, ఒక్కసారి పూచి, కాచి, ఆపై ఎండిపోతుంది. మన పూర్వులు గ్రంథాలు రాసుకున్న తాటాకులలో ఈ చెట్టు ఆకులు కూడా ఉన్నాయని చెబితే మా అబ్బాయి తొమ్మిదవ తరగతి గాంభీర్యంతో తల ఊపాడు.

ఈ తోట చరిత్ర తెలుసుకుంటే దీవి చరిత్ర సగం తెలిసినట్లే. 18వ శతాబ్దంలో ఫ్రెంచి పాలన కాలంలో పియేర్ పువావ్ర్ అనే అధికారి లవంగం, జాజికాయ మొక్కలను దూర ద్వీపాల నుంచి తెప్పించి ఇక్కడ పెంచాడు. మారిషస్‌కు మూలవాసులంటూ లేరు. మనుషులు రాకముందు అక్కడ ఉన్నది ఎగరలేని డోడో పక్షి; మనుషులు వచ్చాక అదీ మిగలలేదు. చెరకు, మిరప, భాష, ప్రార్థన అన్నీ ఓడ దిగి వచ్చినవే. అత్తయ్యగారు రాలిపడిన లవంగపు ఆకును నలిపి వాసన చూసి, "ఇది ఇంటి వాసనే" అన్నారు.

అక్కడి నుంచి పోర్ట్ లూయిస్ రేవు ఒడ్డున ఉన్న ఆప్రవాసీ ఘాట్‌కు చేరాము. జాబితాలో మావారు దీనికి కేటాయించిన సమయం ఇరవై నిమిషాలు. బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చింది. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది కూలీలు కలకత్తా నుంచి వచ్చి దిగారు. 1920 నాటికి ఆ సంఖ్య సుమారు ఐదు లక్షలకు చేరింది. హిందువులూ ముస్లిములూ, బీహారు వారూ తమిళులూ, మనవారూ అందులో ఉన్నారు. మా కాకినాడకు కూతవేటు దూరంలోని కోరంగి ఒకప్పుడు గొప్ప ఓడరేవు. అక్కడి నుంచి ఓడలెక్కినందువల్ల మారిషస్‌లో తెలుగువారికి 'కోరంగీలు' అనే పేరే స్థిరపడింది. 1839లో వచ్చిన ఉప్పెన ఆ రేవును దెబ్బతీసింది. ఊరి పేరు మాత్రం అంతకు ముందే సముద్రం దాటింది. ఉగాది అక్కడ నేటికీ ప్రభుత్వ సెలవు దినం.

ఇప్పుడు మిగిలినవి రాతి గోడల శిథిలాలు, పదహారు మెట్లు. ఓడ దిగినవారు ఆ మెట్లెక్కి లోపలికి వచ్చి, తోటలకు పంపే ముందు రెండు మూడు రోజులు అక్కడే ఉండేవారు. ప్రతి మనిషికీ ఒక సంఖ్య. మరిది ఇవన్నీ వివరిస్తూంటే అత్తయ్యగారు ఒక గోడ వద్ద ఆగిపోయారు. అది రోగులకు వండిన వంటగది అని ఎవరో చెప్పారు.

"వీళ్ళు ఏం తినేవారు?" అన్నారామె.

బియ్యం, పప్పు, నూనె, ఉప్పు కొలిచి ఇచ్చేవారని మరిది చెప్పాడు.

"అది ఇచ్చింది. తిన్నది ఏమిటి?"

ఎవరూ జవాబు చెప్పలేదు. అప్పుడు ఆమె, నా వివాహమైన పద్దెనిమిదేళ్ళలో ఏనాడూ చెప్పని సంగతి చెప్పారు. మా మామయ్యగారు కువైట్‌లో లారీ నడుపుతూ పందొమ్మిదేళ్ళు గడిపారు. ఆయన రాసిన ఉత్తరాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ప్రతి ఉత్తరంలోనూ "భోజనానికి లోటు లేదు" అన్న వాక్యం ఉంటుంది. తిరిగి వచ్చాక, పట్నం నుంచి ఎవరైనా ఖుబూజ్ రొట్టెలు తెస్తే ఆయన ఆ గదిలో కూర్చునేవారు కాదు. ఆమె ఎందుకని అడగలేదు, ఆయన చెప్పలేదు. "అడగవలసింది, అమ్మాయ్" అన్నారు నాతో. ఇరవై నిమిషాలు దాటిపోయినా మావారు గడియారం చూడలేదు.

జుహర్ నమాజు వేళకు జుమ్మా మసీదు చేరుకున్నాము. 1850లలో కచ్ఛీ మేమన్ వర్తకులు నిర్మించిన ఈ మసీదు ప్రాంగణంలో పెద్ద బాదం చెట్టు ఒకటి ఉంది. మన వీధులలో కనిపించే నాటు బాదమే. ఆ వర్తకులు సొంత ఖర్చుతో ఓడెక్కి వచ్చినవారు. కొద్ది దూరంలోని మెట్లెక్కినవారు కూలి ఒప్పందానికి కట్టుబడి వచ్చినవారు. ఒకే సముద్రం దాటి వచ్చినా దిగిన తీరు వేరు.

ఆకలి వేళకు పెద్ద బజారులో ప్రవేశించాము. కింది భాగమంతా కూరగాయలు, కొత్తిమీర కట్టలు, కారం ఉప్పు చల్లిన చిన్న అనాస ముక్కలు. సబ్జా గింజలు, అగర్ తీగలు, పాలు కలిపి ఇచ్చే 'అలూదా'ను చూసి పిల్లలు ఫలూదా అంటూ పరుగెత్తారు. పేరుకు ఒక అక్షరం తగ్గిందే గాని రుచి అదే.

ఇక దీవి అంతటికీ ఇష్టమైన 'ధోల్ పూరీ' గురించి చెప్పాలి. ఉడికించిన బఠాణీ పప్పును పసుపు, జీలకర్రతో మెత్తగా నూరి, పిండి ముద్దలో కూరి, పలుచగా వత్తి పెనంపై కాలుస్తారు. బెల్లం లేని బొబ్బట్టు అంటే మన పాఠకులకు సులభంగా అర్థమవుతుంది. ఎప్పుడూ రెండేసి ఇస్తారు. మధ్యలో పెద్ద చిక్కుడు గింజల కూర, టమాటా పులుసు, పచ్చడి వేసి కాగితంలో చుడతారు. మాంసం లేదు గనుక ఏ మతం వారికీ అభ్యంతరం ఉండదు. వరుసలో అందరూ నిలబడతారు. చెరకు తోటలో చేతితో పట్టుకొని తినడానికి ఇంతకన్నా అనువైనది ఏముంటుందని నాకు తోచింది. అత్తయ్యగారు ఒక పూరీ పూర్తిగా తిని, "పప్పు బాగా నూరారు" అన్నారు. ఆమె నోట అది పెద్ద ప్రశంస.

అంతలో పక్క దుకాణం వ్యక్తి మరిదిని చూసి చేయి ఊపాడు. అడగకుండానే ఒక పొడవాటి రొట్టెను చీల్చి, వెన్న రాసి, 'గాతో పిమాఁ' అనే మిరపకాయ వడలు మూడు అందులో అమర్చి, కాగితం చుట్టి అందించాడు. మన పప్పు వడలే అవి. రొట్టెలో పెట్టుకొని తినడం అక్కడి పద్ధతి. మరిది డబ్బులిచ్చి, పొట్లాన్ని వీపు వెనుకకు తీసుకున్నాడు.

అత్తయ్యగారు చూశారు.

"ఇది రోజూ తింటావా?"

"పొద్దున పూట, అమ్మీ."

"రాత్రి?"

అతను నవ్వాడు. "బాగానే తింటున్నానమ్మీ. ఫోనులో చెబుతూనే ఉన్నానుగా."

"మీ అబ్బా కూడా చెప్పారు" అన్నారామె. "రాత్రి ఏం తింటున్నావురా?"

అతను పొట్లాన్ని ముందుకు తెచ్చి అందులోకి చూశాడు. కొన్ని రాత్రులు ఇదేనని, గదిలో పొయ్యి ఉన్నా ఒక్కడికి వండుకోబుద్ధి కాదని మెల్లగా చెప్పాడు. డబ్బుకు ఇబ్బంది లేదని కూడా చెప్పాడు. ఆ మాట ఆమె విన్నట్లు లేదు.

మావారు జాబితా తీసి చూశారు. ఇంకా ఎనిమిది చోట్లు మిగిలి ఉన్నాయి. దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకొని, "అమ్మీ, ఎక్కడికి వెళదాం?" అని అడిగారు.

"వీడి గదికి."

దారిలో ఒక దుకాణంలో బియ్యం, పప్పు, ఉల్లిపాయలు, మూతతో సహా ఒక మధ్యరకం గిన్నె కొన్నాము. మరిది గది మూడవ అంతస్తులో ఉంది. మెట్లెక్కడానికి అత్తయ్యగారికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగారు. గదిలో టీ కాచుకునే గిన్నె ఒకటి, సగం ఖాళీ అయిన కారపు ముద్ద సీసా ఒకటి కనిపించాయి. ఆమె ఏమీ అనలేదు. బల్ల ఒకటి లాక్కొని కూర్చుని, బియ్యం కడగడానికి నీళ్ళు పట్టమని చిన్న కొడుకుకు చెప్పారు. ఎసరు ఎంత పెట్టాలో వేలి కణుపుతో కొలిచి చూపించి, ఈసారి వాణ్ణే పెట్టమన్నారు.