స్నేహ సంఖ్యలు, తాయెత్తు చీటీ

గత మాసం ఒక తల్లి మా వద్దకు వచ్చి ఒక చీటీ చూపారు. దానిపై ఒకవైపు 220, మరోవైపు 284 అని రాసి ఉంది. కూతురికీ అల్లుడికీ మధ్య కలతలు తీరడం లేదట. ఈ అంకెలను చెరొకరి మెడలో కట్టిస్తే అనురాగం కలుగుతుందని చెప్పి ఎవరో రెండు వేల రూపాయలు పుచ్చుకున్నారట. "ఇందులో నిజమెంత మౌల్వీ సాబ్?" అని ఆమె అడిగారు.

అంకెల సంగతి నిజమేనని, అనురాగం సంగతి కాదని చెప్పాము. ఆ నిజాన్ని పాఠకులకూ విన్నవిస్తున్నాము.

220ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలను, 220ని మినహాయించి, కూడితే 284 వస్తుంది. 284 విషయంలో అలాగే చేస్తే 1, 2, 4, 71, 142 కలిసి 220 అవుతాయి. అందుకే వీటికి స్నేహ సంఖ్యలని పేరు. వీటిని తాయెత్తులలో వాడే అలవాటు పాతదే. ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దిమాలో దానిని ప్రస్తావించారు.

అయితే పండితులు వీటిని మెడలో కట్టుకోలేదు, కాగితంపై పరీక్షించారు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన హర్రాన్ వాసి సాబిత్ ఇబ్నె ఖుర్రా ఇటువంటి జంటలను కనుగొనేందుకు ఒక సూత్రం రాసి నిరూపించారు. ఆ సూత్రం ప్రకారం 17వ శతాబ్దంలో ఇరాన్‌కు చెందిన ముహమ్మద్ బాఖిర్ యజ్దీ 93,63,584, 94,37,056 అనే జంటను చూపారు.

మొదటి సంఖ్య 128, 191, 383ల లబ్ధం. దాని భాజకాలన్నింటి మొత్తం 255 × 192 × 384, అనగా 1,88,00,640. అందులోనుండి ఆ సంఖ్యను తీసివేస్తే 94,37,056 మిగులుతుంది. రెండవది 128, 73,727ల లబ్ధం. దాని భాజకాల మొత్తం 255 × 73,728, ఇదీ 1,88,00,640యే. కనుక రెండవ దానిని తీసివేస్తే మొదటిది వస్తుంది.

ఈ లెక్క నిలవాలంటే 73,727 ప్రధాన సంఖ్య కావాలి. 271 వరకు గల 58 ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే అది రుజువవుతుంది. మా విద్యార్థులు ఈ పనిని పంచుకుని రెండు రోజులలో ముగించారు. ఏదీ నిశ్శేషంగా భాగించలేదు. ఇద్దరు తప్పు చేశారు, మిగతావారు సరిదిద్దారు.

ప్రియ సోదర సోదరీమణులారా! ఇంత పరీక్షకు నిలిచిన సంఖ్య కూడా ఒక దంపతుల మనసు మార్చగలదని ఎవరూ నిరూపించలేదు. కలహం ముదిరితే భర్త పక్షం నుండి ఒకరిని, భార్య పక్షం నుండి ఒకరిని మధ్యవర్తులుగా నియమించమని సూరా అన్నిసా మనకు ఉపదేశిస్తున్నది. ఆ తల్లికి అదే చెప్పాము. ఇరువైపుల పెద్దలు వచ్చే శుక్రవారం అస్ర్ నమాజ్ తరువాత కూర్చుంటున్నారు. చీటీ మాత్రం మా విద్యార్థుల లెక్కల పుస్తకంలో ఉంది.