ఆమె పేరు, వాళ్ళ విద్య

"ఇది ఆడవాళ్ళు కనిపెట్టిన విద్యండీ, మీకు తేలిగ్గా పట్టుబడుతుంది." నలభై దాటాక వింగ్ చున్ క్లాసులో చేరినప్పుడు మొదటిరోజే మా మాస్టారన్న మాట ఇది. పొంగిపోయాను. ఆ కథ ఎంతమంది అమ్మాయిలకి చెప్పానో! ఇప్పుడు చెప్పబుద్ధి కావడం లేదు.

తెలియని వాళ్ళకోసం కథ క్లుప్తంగా. చైనాలో చింగ్ పాలకులు షావొలిన్ మఠాన్ని తగలబెడితే ఉంగ్ మూయి అనే భిక్షుణి తప్పించుకుని పారిపోయింది. టోఫు అమ్ముకునే ఒకాయన కూతురు ఇమ్ వింగ్ చున్. తనని పెళ్ళాడి తీరాలని ఓ రౌడీ వేధిస్తుంటే భిక్షుణి ఆ పిల్లకి పోరు నేర్పింది. పిల్ల వాణ్ణి మట్టి కరిపించింది. ఇంతవరకూ బానే ఉంది. తర్వాత? చిన్నప్పుడే కుదిర్చి ఉంచిన లియంగ్ బోక్ చావ్‌ని చేసుకుంది. విద్య అతనికి నేర్పింది. అంతే, కథలోంచి మాయం! విద్య మాత్రం అరణంలా అత్తింటికి చేరింది. అక్కణ్ణించి ఎర్ర పడవల్లో ఊరూరా తిరిగే నాటక సమాజాల నటులు, ఫోషాన్ వైద్యుడు లియంగ్ జాన్, ఆయన శిష్యుడు చాన్ వా షున్, ఇప్ మాన్, బ్రూస్ లీ... వరసగా అందరూ మగవాళ్ళే.

"పోనీ, మూలగురువుగా ఒక స్త్రీని ఒప్పుకున్నారు కదా" అంటుంది నా స్నేహితురాలు. ఒప్పుకోవడానికి వాళ్ళకి ఖర్చేమైంది? బెంజమిన్ జడ్‌కిన్స్, జాన్ నీల్సన్ అనే పరిశోధకులు 2015లో ఈ విద్య సామాజిక చరిత్ర రాశారు. 19వ శతాబ్దం చివర వచ్చిన నవలలో ఉంగ్ మూయి షావొలిన్‌కి శత్రువట! 1930ల కథల్లోగానీ ఆమె మంచిది కాలేదు. అంటే ఇప్ మాన్ రాసిపెట్టిన గాథ అంతకన్నా పాతది కాదన్నమాట. లేని స్త్రీకి దణ్ణం పెట్టడం ఎప్పుడూ సులువే.

ఇక 'ఆడవాళ్ళ విద్య' అనడానికి చూపించే గుణాలు చూడండి. బలానికి బలం ఎదురొడ్డకపోవడం, శరీర మధ్యరేఖని కాచుకోవడం, ఒక చేత్తో అడ్డుకుంటూనే రెండో చేత్తో కొట్టడం. ఇందులో ఆడతనం ఏముంది? తెలివుంది. బక్కపల్చటి మగవాడికీ అదే కావాలి. ఇదే విద్యలో 8, 9 అడుగుల బరువైన కర్ర తిప్పాలి, జంట కత్తులు పట్టాలి. వాటిని 'ఆడ' అని ఎవరూ అనరు. మెత్తనిదైతేనే మన ఖాతాలో వేస్తారు.

నాకు అసలు ఒళ్ళు మండేది వేరే సంగతికి. ఫోషాన్ ఉన్న నాన్‌హాయ్, పక్కనున్న షున్‌దే పట్టుకి పేరుపడ్డ సీమలు. 1870ల నుంచి అక్కడ ఆవిరి మిల్లులొచ్చాయి. పట్టుదారం తీసే ఆడవాళ్ళ చేతికి కూలి డబ్బులొచ్చాయి. పెళ్ళే వద్దని ఒట్టు పెట్టుకుని, పెళ్ళికూతురికి వేరొకరు చుట్టాల్సిన కొప్పుని తామే దువ్వి చుట్టుకున్నారు వాళ్ళు. అందుకే 'తమ తల తామే దువ్వుకున్నవాళ్ళు' అని పేరు. పెళ్ళికాని ఆడది పుట్టింట్లో ప్రాణం వదలకూడదని ఆచారం. కాబట్టి డబ్బు కూడబెట్టి తమకంటూ ఇళ్ళు ఏర్పరచుకున్నారు. 1930లలో పట్టు వ్యాపారం కూలిపోతే సింగపూర్, హాంగ్‌కాంగ్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేశారు. సింగపూర్‌లో వాళ్ళు కూడబెట్టిన డబ్బుతో లేచిన ఇల్లొకటి షున్‌దేలో నిలిచే ఉంది.

లియంగ్ జాన్, చాన్ వా షున్ శిష్యులకి పిడిగుద్దులు నేర్పిన గడ్డ ఇదే, ఆ దశాబ్దాలూ ఇవే. ఒక్క రౌడీని కొట్టి, కుదిర్చిన సంబంధం చేసుకున్న పిల్ల పేరు ప్రపంచమంతా మారుమోగింది. పెళ్ళినే కాదన్న ఆ వేలమంది మాత్రం ఈ విద్య చెప్పుకునే కథలో ఒక్క వాక్యానికీ నోచుకోలేదు. రౌడీని ఓడిస్తే చప్పట్లు కొడతారు. మొగుడే వద్దంటే ఎవరు కొడతారు?

క్లాసు మానలేదు నేను. కొయ్యబొమ్మ మీద సాధన చేస్తుంటే మోచేతులు కమిలిపోతాయి, అయినా ఇష్టమే. గోడమీద ఇప్ మాన్, బ్రూస్ లీ ఫొటోలు. మొన్న మాస్టారిని అడిగాను, "పెళ్ళయ్యాక ఆవిడ ఏంచేసిందండీ?" అని.

"కథ అంతవరకేనండీ" అన్నారాయన. "చేతులు ఎత్తండి, మళ్ళీ మొదట్నించి."