నిమ్మకాయ సరే, న్యూట్రల్ సంగతేంటి?

కనకమామిడి మీదుగా హైదరాబాద్ పోయే లారీల బంపర్లకు నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతుంటాయి. కొత్త బండైతే టైర్ల కింద నిమ్మకాయ నలగందే కదలదు. హేతువాదులం దాన్ని చూసి నవ్వుతాం. అదే కేబిన్‌లో ఉన్న ఇంకో నమ్మకం జోలికి మాత్రం పోము. దిగుడులో గేరు తీసేసి న్యూట్రల్‌లో పెడితే డీజిల్ మిగులుతుందట, లోడున్న బండి రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది గనుక భయం లేదట! దీనికి పూజారి అక్కర్లేదు కాబట్టి మూఢనమ్మకమని ఎవరికీ తోచదు.

ముందు లోడు మాట. బరువైనదే వేగంగా పడుతుందని అరిస్టాటిల్ నమ్మాడు. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ గాలి లేని చంద్రుడి మీద సుత్తినీ డేగ ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ కలిసే నేలను తాకాయి. వేగానికి బరువుతో పనిలేదని మన బడి పాఠం అక్కడే ముగుస్తుంది. కానీ అనంతగిరి ఘాటులో గాలి ఉంది.

తాండూరు నాపరాళ్లతో ఆ ఘాటు దిగే లారీని చూడండి. బరువు పెరిగినకొద్దీ వాలు లాగే బలమూ పెరుగుతుంది, టైర్ల రాపిడీ దాదాపు అంతే పెరుగుతుంది. అక్కడ ఖాళీ బండీ లోడు బండీ సమానమే. తేడా తెచ్చేది గాలి. లోపల ఎన్ని టన్నులున్నాయో దానికి పట్టదు, బండి ముఖం వెడల్పూ వేగమే దాని లెక్క. పది టన్నుల ఖాళీ లారీకి పదిహేను టన్నులు ఎక్కిస్తే, అదే గాలి రెండున్నర రెట్ల బరువును నిలవరించాలి. వాలు పొడవుగా ఉండి, న్యూట్రల్‌లో బ్రేకు తొక్కకుండా వదిలితే, లోడు లారీ అందుకునే వేగం ఖాళీదానికి సుమారు ఒకటిన్నర రెట్లు. బండిని ఆపాలంటే ఆ వేగమంతా బ్రేకు డ్రమ్ముల్లో వేడిగా మారాలి. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. డ్రమ్ములు మరీ కాగితే పట్టు సడలుతుంది.

2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని కనీసం 19 మంది పోయారు. అది న్యూట్రల్ వల్ల జరిగిందని కాదు, కదిలే లోడు ఎంత పని చేస్తుందో చెప్పడానికే.

ఇక డీజిల్ మాట. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న ఇంజను, గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ తాగడం మానేస్తుంది. న్యూట్రల్‌లోనే, ఆగిపోకుండా ఉండటానికి కొంత తాగుతుంది. ఎలాగూ బ్రేకు తొక్కాల్సిన దిగుడులో మిగిలేదేమీ లేదు. ఎక్కిన గేరులోనే దిగాలని క్లీనర్లకు చెప్పే పాత డ్రైవర్లకు ఈ లెక్కలు తెలియకపోయినా విషయం తెలుసు. కానీ ట్రిప్పుకు ఇంతే డీజిల్ అని కొలిచిచ్చే యజమాని దగ్గర, నాలుగు లీటర్లు మిగులుతాయన్న ఆశను డ్రైవరు ఎలా వదులుకుంటాడు?