కొలువులో చోటు

ఆ సందులో రెండు ఆటోలు పక్కపక్కన పట్టవు. డిసెంబరులో మాత్రం సగం ఇటలీ అందులోనే పడుతుంది. రద్దీ మరీ పెరిగిన రోజుల్లో నడిచేవాళ్లకు కూడా వన్‌వే పెడతారు. ఇరువైపులా దుకాణాలు, దుకాణాల నిండా మట్టిబొమ్మలు: గొర్రెల కాపరులు, చేపలమ్మే మనిషి, రొట్టెలు కాల్చే ఆవిడ, పేకాడుతున్న ముసలివాళ్లు. వాళ్ల పక్కనే జానెడు ఎత్తున దేశదేశాల అధ్యక్షులు, ప్రధానులు, సినీ తారలు. అందరికంటే పై వరసలో ఫుట్‌బాల్ ఆటగాడు డీగో మారడోనా. ఆయన 2020లో కన్నుమూసినా ఈ ఊళ్లో మాత్రం మరణం లేదు. ఎన్నికల్లో ఓడిన నాయకుడి బొమ్మ మరుసటి ఏడాదికి వెనక అరలోకి పోతుందని ఓ దుకాణదారు చెప్పాడు. రాజకీయ పండితుల విశ్లేషణల కంటే ఆ అరలే నమ్మదగినవి అనిపించింది.

ఇది నేపుల్స్. సందు పేరు సాన్ గ్రెగోరియో అర్మేనో. క్రిస్మస్ సెలవుల్లో ఇటలీ వెళ్లే మనవాళ్లు సాధారణంగా రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చుట్టేసి వచ్చేస్తారు. దక్షిణాన ఉన్న నేపుల్స్ అనగానే దొంగలు, చెత్త, మాఫియా అంటూ జాగ్రత్తలు చెప్పేవాళ్లే ఎక్కువ. జేబు జాగ్రత్తగా చూసుకోవాల్సిన మాట నిజమే. అయితే ఆ జాగ్రత్త సికింద్రాబాద్ స్టేషన్లో కూడా అవసరమే. పండగ రోజుల్లో ఒక ఊరు ఊరంతా ఎలా వెలుగుతుందో చూడాలంటే మాత్రం ఇటలీలో దీన్ని మించింది లేదనే నా అభిప్రాయం.

పేరుకు ఇది కొత్తూరు. గ్రీకులు వచ్చి కట్టుకున్న 'నియాపోలిస్' అంటే అర్థం అదే. వయసు మాత్రం రెండున్నర వేల ఏళ్లు. వాళ్లు గీసిన వీధులే ఇప్పటికీ పాత ఊరికి వీధులు. ఊరిని కత్తితో కోసినట్టు నిలువునా సాగే వీధిని స్పక్కనాపోలి అంటారు. 1995లో యునెస్కో ఈ పాత పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కానీ ఇది మ్యూజియంలా భద్రపరిచిన ఊరు కాదు. పదిహేడో శతాబ్దపు చర్చి గోడకు ఆనుకుని స్కూటర్లు నిలబడి ఉంటాయి. మేడ మీది నుంచి తాడు కట్టిన బుట్ట దిగుతుంది, కూరగాయలతో పైకి వెళుతుంది. పగలు పది, పన్నెండు డిగ్రీల చలి. మధ్యలో వాన. అయినా జనం ఇళ్లలో ఉండరు.

ఆ జనమంతా వెతికేది ప్రెసేపే కోసం. ఏసుక్రీస్తు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో పేర్చే ఆచారం అది. 1223లో గ్రెచ్చో అనే కొండ ఊళ్లో సెయింట్ ఫ్రాన్సిస్ ఆ దృశ్యాన్ని సజీవంగా ఏర్పాటు చేశాడు. నేపుల్స్ చేతిలో పడ్డాక ఆ పాక చుట్టూ ఊరంతా వచ్చి చేరింది. బెత్లెహేములో సత్రం ఉంటే, అందులో పిజ్జా ఉంటుంది. సంత ఉంటే, అందులో నేపుల్స్ చేపలుంటాయి. ఏటా ఇంటివాళ్లు ఒక కొత్త బొమ్మ కొని కలుపుతారు. బాల ఏసును మాత్రం డిసెంబరు 24 అర్ధరాత్రి దాకా పెట్టరు.

ఇదంతా చదువుతుంటే ఆంధ్ర పాఠకులకు సంక్రాంతి బొమ్మల కొలువు గుర్తుకు రాకపోదు. మెట్లు లేకపోవడం ఒక్కటే తేడా. దేవుళ్ల పక్కన కొండపల్లి తాటిచెట్టు, గీత కార్మికుడు, పెళ్లి ఊరేగింపు, ఎక్కడో కొన్న ప్లాస్టిక్ కారు అన్నీ సర్దుకునే మన కొలువుకూ, గొర్రెల కాపరి పక్కన మారడోనా నిలబడే వాళ్ల కొలువుకూ స్వభావం ఒకటే. దేవుడి ఇంటికి ఎవరైనా రావచ్చు.

ఈ కళ ఎంత ఎత్తుకు వెళ్లిందో చూడాలంటే కొండ మీది సాన్ మార్తినో మఠానికి వెళ్లాలి. ఇప్పుడది మ్యూజియం. కూచినియెల్లో అనే ఆయన 1879లో దానమిచ్చిన సేకరణతో పేర్చిన ప్రెసేపే అక్కడుంది. పద్దెనిమిదో శతాబ్దంలో బూర్బన్ రాజు చార్లెస్ కాలం నుంచి నేపుల్స్ కొలువులకు స్వర్ణయుగం. రాజే స్వయంగా బొమ్మలు పేర్చేవాడని, రాణి వాటికి దుస్తులు కుట్టేదని అంటారు. కాల్చిన మట్టితో తల, చెక్కతో చేతులూ కాళ్లూ, తీగకు నార చుట్టి ఒళ్లు, మీద అసలైన పట్టు. 1753లో చలువరాతి మీద పల్చటి ముసుగు కప్పినట్టు క్రీస్తును చెక్కి లోకాన్ని అబ్బురపరచిన సన్‌మార్తినో కూడా ఈ బొమ్మలు చేశాడు. పాకకు దూరంగా ఒక పెద్ద ఊరేగింపు ఉంటుంది. తలపాగాలు, ఒంటెలు, ఆఫ్రికా సేవకులు, తూర్పుదేశపు రాకుమార్తెలు, బాకాలూదే తురుష్కులు. నేపుల్స్ రేవులో దిగిన ప్రపంచమంతా రాజుల వెంట దేవుణ్ని చూడవచ్చింది.

చూడటం సరే, తినడం మాటేమిటి? 24 రాత్రి ఇక్కడ మాంసం ముట్టరు. చేపలు, ఎండబెట్టిన కాడ్, కపితోనే అనే లావుపాటి ఈల్ చేప. అంతకుముందు రోజు చేపల బజారులో తొట్లలోంచి ఈల్ జారిపోతుంటే అమ్మేవాడు వెంటపడి పట్టుకోవడం పిల్లలకు ఉచిత వినోదం. శాకాహారులకు చీజ్ కూడా లేని మారినారా పిజ్జా ఉండనే ఉంది. పిజ్జా చేసే విద్యను 2017లో యునెస్కో వారసత్వంగా గుర్తించింది కూడా ఇక్కడే. తీపిలో స్ట్రుఫోలి తప్పనిసరి. వేయించిన చిన్న ఉండల్ని తేనెలో దొర్లించి గుట్టగా పోస్తారు, చూపుకి మన బూందీ మిఠాయే. రొకొకో అనే బాదం బిళ్లను మాత్రం పళ్లు గట్టిగా ఉన్నవాళ్లే సాహసించాలి. భోజనం తర్వాత ఇంటిల్లిపాదీ టోంబోలాకు కూర్చుంటారు. మన తంబోలా పేరు వచ్చింది దాన్నుంచే. ఇక్కడ తొంభై అంకెల్లో ప్రతిదానికీ ఒక అర్థం. 47 అంటే శవం, 48 అంటే మాట్లాడే శవం. అంకె పిలిచినప్పుడల్లా ముసలమ్మలు వేసే వ్యాఖ్యానాలకు పగలబడి నవ్వుతారు. వాటిని అనువదించి చెప్పమంటే మా హోటల్ పక్క దుకాణం కుర్రాడు సిగ్గుపడ్డాడు.

హోటల్ అన్నాను గానీ నేను దిగింది హోటల్ కాదు. వీధి మట్టంలో ఒక్క గది. తలుపు తీస్తే నేరుగా రోడ్డు. తెల్లటి గోడలు, కొత్త మంచం, గోడ మీద వెసూవియస్ అగ్నిపర్వతం ఫొటో. ఇలాంటి గదుల్ని బాస్సో అంటారని తర్వాత తెలిసింది. తరతరాలుగా ఊళ్లోని పేదలు కుటుంబాలతో కాపురమున్న గదులివి. ఇప్పుడు ఒకటొకటిగా పర్యాటకుల బసలవుతున్నాయి. 'అసలైన నేపుల్స్ జీవితం అనుభవించండి' అన్న ప్రకటన చూసే నేనూ దిగాను. ఆ జీవితం గడిపినవాళ్లు ఖాళీ చేస్తేనే నాకు గది దొరికిందన్న సంగతి ప్రకటనలో లేదు.

రెండు వీధుల అవతల పియో మోంతే దెల్లా మిసెరికోర్దియా చర్చిలో కరవాజ్జో 1607లో వేసిన చిత్రం ఉంది. క్రైస్తవం చెప్పే ఏడు దయాకార్యాలను ఆయన నేపుల్స్ చీకటి సందులో జరుగుతున్నట్టు ఒకే చిత్రంలో ఇరికించాడు. అందులో ఒకటి, దారిన పోయేవాడికి ఇంట్లో చోటివ్వడం. ఆ చిత్రం ముందు నాకు కాస్త ఇబ్బందిగానే ఉంది. నాకు చోటు దొరికింది. ఎవరి చోటది?

జవాబులో ఒక ముక్క పియాజ్జా దాంతె దగ్గర దొరికింది. ఆ చుట్టుపక్కల శ్రీలంక దుకాణాలు వరసగా ఉంటాయి. కరివేపాకు, ఎండుచేపలు, కొబ్బరి నూనె. ఊళ్లోని విదేశీ సమూహాల్లో శ్రీలంక వాళ్లది పెద్దవాటిలో ఒకటి. ఎక్కువమంది ఇళ్లలో పనిచేస్తారు, ముసలివాళ్లకు తోడుంటారు. వెన్నప్పువ నుంచి వచ్చానని చెప్పిన ఒకాయన టీ ఇప్పించాడు. శ్రీలంక పడమటి తీరంలో ఆ ఊరికి 'లిటిల్ ఇటలీ' అనే పేరుందని, అక్కడ ఇటలీ డబ్బుతో కట్టిన ఇళ్లే కనిపిస్తాయని నవ్వాడు. పదిహేనేళ్లుగా ఒక వృద్ధుణ్ని చూసుకుంటున్నాడట. కొడుకులిద్దరూ మిలాన్లో ఉంటారు.

"ఆయన చేతులు వణుకుతాయి. అందుకని ఇంట్లో ప్రెసేపే నేనే పెడతాను. ఏ బొమ్మ ఎక్కడుండాలో ఆయన కొడుకులకు తెలీదు, నాకు తెలుసు" అన్నాడు. వెనువెంటనే, ఉంటున్న గది వచ్చే వేసవికి ఖాళీ చెయ్యమన్నారని, బాడుగ మనుషుల కంటే టూరిస్టులు ఎక్కువిస్తారని కూడా చెప్పాడు. అందులో నిష్ఠూరం లేదు. నేనెక్కడ దిగానో నేను చెప్పలేదు.

ఆయన కూతురు పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. పన్నెండేళ్లుంటాయి. తండ్రితో సింహళం, దుకాణంలో పిల్లలతో ఇటాలియన్ కూడా కాదు, అచ్చమైన నేపుల్స్ యాస. పుట్టింది ఇక్కడే. కానీ పౌరురాలు కాదు. 1992 నాటి చట్టం ప్రకారం తల్లిదండ్రులకు పౌరసత్వం రాకపోతే, ఇటలీలో పుట్టిన విదేశీ బిడ్డ పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఎడతెగకుండా అక్కడే ఉండి, ఆ తర్వాత ఏడాదిలోగా పౌరసత్వం కోరాలి. యూరప్ యూనియన్ బయటినుంచి వచ్చిన పెద్దలు దరఖాస్తు చేయాలంటే పదేళ్ల నివాసం కావాలి. దాన్ని ఐదేళ్లకు తగ్గించాలా అని 2025 జూన్‌లో రిఫరెండం పెట్టారు. ఓటేసినవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది సరేనన్నారు. కానీ ఓటేసిందే సుమారు 30 శాతం. సగం మంది రాకపోతే ఫలితం చెల్లదు. అక్కడితో సరి. ఇదే దేశం, ముత్తాత ఇటలీవాడైతే చాలు ఎన్నడూ ఇటలీ ముఖం చూడని బ్యూనస్ ఎయిరిస్ వాసికి పౌరసత్వం ఇస్తూ వచ్చింది. 2025లోనే దాన్ని కూడా తల్లిదండ్రులు, తాతల తరం వరకు కుదించింది.

ఇటలీని తప్పుపట్టడం సులువు. మనం మాత్రం? 1987 జులై 1కి ముందు భారతదేశంలో పుట్టిన బిడ్డ భారతీయుడు. ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరైనా భారతీయులై ఉండాలన్నాం. 2004 డిసెంబరు నుంచి రెండోవారు అక్రమ వలసదారు కాకూడదని కూడా చేర్చాం. ఎవరింట్లో పుట్టావన్నదే లెక్క, ఏ వీధిలో పెరిగావన్నది కాదు. ఈ విషయంలో రెండు దేశాలూ ఒకే బడిలో చదువుకున్నాయి.

జనవరి 6న ఎపిఫనీ. ఆ రోజుతో పండగ ముగుస్తుంది. వెన్నప్పువ మనిషి బొమ్మల్ని కాగితాల్లో చుట్టి అటక ఎక్కిస్తాడు. సరిగ్గా ఆ వారానికే మన ఇళ్లలో అటకలు దిగుతాయి. నేను కొన్న బొమ్మ బెనీనో అనే గొల్లపిల్లాడు. ప్రెసేపేలో ఒక మూల ఎప్పుడూ నిద్రపోతుంటాడు. ఆ కొలువంతా వాడి కల అని, వాణ్ని లేపితే అంతా మాయమైపోతుందని నేపుల్స్ నమ్మకం. విజయవాడలో అమ్మ కొలువు సర్దుతుంటే తీసిచ్చాను.

"ఎవర్రా వీడు?" అంది.

"ఇటలీవాడమ్మా. మన కొలువులో పెట్టొచ్చా?"

అమ్మ కళ్లజోడు సవరించుకుని కింది మెట్టు మీద తాటిచెట్టును రెండంగుళాలు పక్కకు జరిపింది. బెనీనోను దాని నీడలో పడుకోబెట్టింది. ఎన్నేళ్లుగా ఉంటున్నాడు, ఎవరి కొడుకు అని అడగలేదు.