మెకంజీ చాటున కావలి సోదరులు

మానవ వైవిధ్యానికి విలువ ఎందుకని అడిగితే సామరస్యం, సహనం, పరస్పర గౌరవం అన్న మాటలు వెంటనే జవాబుగా వస్తాయి. అవన్నీ నిజమే అయినా, జ్ఞానసంపాదనలో వైవిధ్యానికి అంతకంటె మొండిదైన ప్రయోజనం ఒకటుంది: ఒకరు చదవలేని లిపిని మరొకరు చదువుతారు, ఒకరిని చూసి నోరు కుట్టేసుకునే సాక్షి మరొకరి ముందు మాట్లాడతాడు. తెలుగు సీమల స్థానిక చరిత్రకు నేటికీ ముఖ్యాధారాల్లో ఒకటైన మెకంజీ సేకరణ ఈ విధంగానే రూపొందింది. అటువంటి ఉమ్మడి కృషి ఎక్కడ కుంటుపడుతుందో చూపేదీ అదే.

స్కాట్లండ్‌కు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నోవే పట్టణంలో పుట్టిన కాలిన్ మెకంజీ 1783లో ఈస్టిండియా కంపెనీ సైనికోద్యోగిగా ఈ దేశానికి వచ్చాడు. 1799లో టిప్పు సుల్తాను పతనమైన తరువాత మైసూరు రాజ్యపు సర్వే బాధ్యత చేపట్టి, 1815లో భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. భూమిని కొలవడంతో ఆగక, ఆ భూమి మీద ఉన్న శాసనాలను, తాళపత్ర గ్రంథాలను, ఊళ్ల వృత్తాంతాలను, నాణేలను, శిల్పాల చిత్రాలను కూడగట్టడం ఆయన జీవితకార్యంగా మారింది. ఇంత పని తలపెట్టిన మనిషికి దేశభాషల్లో పట్టు లేదు. ఆ లోటును ఆయన దాచుకోలేదు. భారతీయ విజ్ఞానంలోకి తనకు దారి తెరిచినవాడు కావలి వెంకట బొర్రయ్య అని 1817లో తన మిత్రుడు అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖలో స్పష్టంగా చెప్పుకున్నాడు.

బొర్రయ్య, అతని సోదరులు లక్ష్మయ్య, రామస్వామి ఏలూరుకు చెందిన నియోగులు, అంటే వైదికవృత్తికి బదులు రాతకోతలు, దివాణపు కొలువులు జీవనాధారంగా చేసుకున్న బ్రాహ్మణ శాఖవారు. వీరి నైపుణ్యం మెకంజీ కొత్తగా నేర్పినది కాదని, దానశాసనాలను, భూమి పత్రాలను పరిశీలించే నేర్పు నవాబుల కాలపు పాలనా వ్యవహారాల్లోనే రూపుదిద్దుకుందని ఫిలిప్ వాగనర్ అనే చరిత్రకారుడు వాదించాడు. మరోవైపు నికొలస్ డర్క్స్ వంటి పరిశోధకులు ఇటువంటి సేకరణలన్నిటినీ వలసపాలన అధికారంలో భాగంగా చూశారు. సర్వే ఖర్చు పెట్టినది కంపెనీ, సర్వే వెనుక ఉన్నది శిస్తు వసూలు గనుక డర్క్స్ వాదాన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు. అయితే ఆ దృష్టి ఒక్కటే పట్టుకుంటే బొర్రయ్య వంటివారు దొర చేతిలో పనిముట్లుగా మాత్రమే మిగులుతారు, అది వారికి అన్యాయం.

పని ఎలా జరిగిందో దగ్గరగా చూస్తే ఈ మాట తేటపడుతుంది. ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ అనే పత్రిక తొమ్మిదవ సంపుటంలో జైనులను గురించిన వృత్తాంతం ఒకటి అచ్చయింది. ముడిగెరెలో ఒక జైన మతాచార్యుడి వద్ద సేకరించినదనీ, బ్రాహ్మణుడైన కావలి బొర్రయ్య మేజర్ మెకంజీ కోసం అనువదించినదనీ దాని శీర్షికలోనే ఉంది. జైన, బౌద్ధ మతాలకు మధ్య తేడా ఐరోపా పండితులకు ఇంకా సరిగా తెలియని రోజులవి. తన మతం గురించి జైనుడు చెప్పగా, ఆ మతంతో శతాబ్దాల తరబడి వాదులాడిన సంప్రదాయంలో పుట్టిన బ్రాహ్మణుడు దాన్ని ఇంగ్లీషులో పెట్టగా, ఆ ఇద్దరి మతాలకూ బయటివాడైన క్రైస్తవుడు అచ్చుకు పంపాడు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ వ్యాసం లేదు. అటు తరువాత ధర్మయ్య అనే జైన పండితుడు కూడా మెకంజీ బృందంలో చేరి, శాసన పరిశోధనలో పేరు తెచ్చుకున్నాడు.

ఇక మెకంజీ సేకరణలోని కైఫియత్తుల సంగతి. ఒక ఊరి పుట్టుపూర్వోత్తరాలను చెప్పే వృత్తాంతానికి కైఫియత్తు అని పేరు. అడవి కొట్టి ఊరు కట్టిందెవరు, చెరువు తవ్వించిందెవరు, ఏ రాజు ఏ దేవుడికి ఎంత మాన్యం ఇచ్చాడు, దొరతనం ఎవరి నుంచి ఎవరి చేతికి మారింది అన్న వివరాలు స్థలపురాణాలతో కలగలిసి వీటిలో కనిపిస్తాయి. కరణాల ఇళ్లలో తరతరాలుగా భద్రపడిన కవిలెలు, అనగా గ్రామ విశేషాలను, లెక్కలను నమోదు చేసిన పాత పుస్తకాలు, వీటికి ముఖ్యమైన ఆధారం. సర్కారు మనుషులు మాన్యాల గురించి ఆరా తీస్తున్నారంటే ఊళ్లలో గుబులు పుట్టడం సహజం. అటువంటి చోట పత్రాలు బయటికి తీయించడానికి పరాయి అధికారి హోదా కంటె ఊరి మర్యాద, మాట తీరు తెలిసిన మనిషి ఉనికే ఎక్కువగా అక్కరకు వచ్చి ఉంటుంది.

బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. పని ఆగలేదు, లక్ష్మయ్య దాన్ని భుజానికెత్తుకున్నాడు. 1816లో థామస్ హికీ గీసిన వర్ణచిత్రంలో ఎర్రకోటు తొడుక్కున్న మెకంజీ చుట్టూ ముగ్గురు భారతీయులు కనిపిస్తారు, వారిలో ఒకరి చేతిలో దూరదర్శిని ఉంది. ఒక సర్వేయర్ జనరల్ తన సహాయకులతో కలిసి చిత్రపటంలో నిలబడటం ఆ కాలానికి మామూలు విషయం కాదు. 1821లో మెకంజీ చనిపోవడంతో ఆ మన్నన కూడా ముగిసింది. సంస్కృత పండితుడు హెచ్. హెచ్. విల్సన్ 1828లో సేకరణకు జాబితా ప్రకటించాడు. మిగిలిపోయిన పనిని కొనసాగించే అవకాశం తనకివ్వమని లక్ష్మయ్య కోరగా, 1836లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ తిరస్కరించింది. ఇటువంటి పనికి స్వదేశీయుడెవడూ సరితూగడన్న అభిప్రాయం ఆ తిరస్కారంలో దాగకుండానే వ్యక్తమైంది. పని మద్రాసులోని విలియం టేలర్ అనే మతాచార్యుడి చేతికి వెళ్లింది. నాలుగు దశాబ్దాల అనుభవం గల మనిషి సేకరించడానికి తగినవాడట, సేకరించిన దాన్ని అర్థం చేసి చెప్పడానికి మాత్రం తగడట! తమ్ముడు రామస్వామి అప్పటికే, 1829లో, దక్కను కవుల జీవిత విశేషాలను ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చి ఉన్నాడన్నది సొసైటీకి అడ్డు రాలేదు. భిన్నులను పనిలోకి పిలిచే సంస్థలు నిర్ణయం దగ్గరికి వచ్చేసరికి తలుపు మూయడం నేటి కార్యాలయాలకూ కొత్త కాదు.

తప్పంతా సొసైటీ మీదికి నెట్టడం కూడా సరికాదు, ఎందుకంటే కావలి సోదరుల బృందంలోనూ వైవిధ్యం ఒక గీత దగ్గర ఆగిపోయింది. చదువుకున్న కులాలవారు వెళ్లి చదువుకున్న కులాలవారినే అడిగారు. చెంచుల వంటివారి ప్రస్తావనలు సేకరణలో లేకపోలేదు, అవి చాలావరకు ఇతరులు రాసిన మాటలు. కరణం కవిలెలో చెరువు తవ్వించినవాడి పేరు ఉంటుంది, తట్ట మోసినవారి పేర్లు ఉండవు. మాదిగలకు డక్కలివారు పటం విప్పి వినిపించే జాంబపురాణం వంటి కథల్లో ఊరికీ మనిషికీ వేరే పుట్టుక ఉంది, వేరే వంశక్రమం ఉంది. ఆ పటం పట్టుకుని ఊరూరా తిరిగినవారిలో ఒకడు సర్వే బృందంలో జీతానికి ఉండి ఉంటే, అదే ఊరికి రెండో కైఫియత్తు ఒకటి తయారై, మొదటిదాన్ని అడుగడుగునా నిలదీసి ఉండేది.