చీమ ఆడిన చివరి ఆట

2021 నవంబరు 26, పొద్దున ఆరున్నర. బ్రెజిల్‌లోని మనౌస్‌లో అప్పటికింకా ముందురోజు రాత్రే. మన అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు బ్రెజిల్‌తో ఆడుతుంటే ఫోన్ పట్టుకొని కూర్చున్నాను. మొదటి నిమిషంలోనే గోల్ పడింది. "ఇగ చూసింది చాలు, చాయ్ పెట్టు" అన్నాడు మా ఆయన. ఎనిమిదో నిమిషంలో మన మనీషా కల్యాణ్ గోల్ కొట్టింది. స్కోరు సమం! ఆ పూట చాయ్ ఆయనే పెట్టుకున్నాడు.

చివరికి 6-1తో ఓడాం. కానీ నేను లేవలేదు. రెండో సగంలో బ్రెజిల్ తరఫున ఓ నలభై మూడేళ్ల ఆమె మైదానంలోకి దిగింది. పేరు ఫోర్మిగా, అంటే వాళ్ల భాషలో చీమ. దేశం తరఫున ఆమెకదే ఆఖరి మ్యాచ్. 1995 నుంచి 2019 దాకా ఏడు ప్రపంచకప్‌లు, 1996 నుంచి ఏడు ఒలింపిక్స్, రెండు రజతాలు. ఆమె పుట్టిన 1978లో బ్రెజిల్‌లో ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడటం చట్టరీత్యా నిషిద్ధం. 1941లో పెట్టిన ఆ నిషేధాన్ని 1979లో గానీ ఎత్తెయ్యలేదు.

మన దగ్గర అలాంటి చట్టమేం లేదు. అక్కర్లేదు కూడా.

నేను నిజామాబాద్ జిల్లాలో పీఈటీని. మా బడి ఫుట్‌బాల్ జట్టులో లెఫ్ట్ వింగ్ ఆడే పిల్ల పరుగందుకుంటే మగపిల్లలు కూడా వెనకబడేవాళ్లు. టెన్త్ పరీక్షలయ్యాక వాళ్లమ్మ బూట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మట్టి పోయేలా కడిగి, లేసులు విడిగా చుట్టి తెచ్చింది. "ఇగ చాలు మేడం, ఎవరికన్నా ఇయ్యండి" అంది. ఆమెను తప్పుపట్టలేను. పిల్ల చేరబోయే జూనియర్ కాలేజీ ఓ షాపింగ్ కాంప్లెక్సు మీది అంతస్తులో ఉంది. గ్రౌండూ లేదు, పీడీ లేడు.

ఏ తల్లిదండ్రులను ఒప్పించాలన్నా ఫుట్‌బాలర్ గుగులోత్ సౌమ్య పేరే ఎత్తుతాం. మా జిల్లా తండా పిల్లే. క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్ దాకా వెళ్లింది. గొప్పే. కానీ ఒక్క సౌమ్యను చూపించి ఎన్నాళ్లు చప్పట్లు కొట్టించుకుంటాం? ఫోర్మిగా పదిహేడేళ్లకే ప్రపంచకప్ ఆడింది. మన పిల్లలు ఆ వయసుకు ఆట మానేసి రెండేళ్లవుతుంది. గ్రౌండు లేని ఇంటర్ కాలేజీకి అనుమతే ఇవ్వకూడదని నేనంటాను. ఉన్న బడి మైదానాలనైనా సాయంత్రాలు ఈ అమ్మాయిలకు వదలాలి.

మా బడి గేటు పొద్దున ఆరింటికి తెరుస్తాను. ఇంటర్ చదివే ఆడపిల్లలుంటే పంపండి. ఆ బూట్లు ఇంకా నా బీరువాలోనే ఉన్నాయి. ఐదో నంబరు.